ముప్పై ఆరు కుర్చీలు, ఆరు వందల ఆకులు

గౌతమీ ఎక్స్‌ప్రెస్ గోదావరి వంతెన ఎక్కగానే స్లీపర్ బోగీలో సగం మంది లేచి కూర్చుంటారు. ఎవరూ అలారం పెట్టుకోరు. చక్రాల చప్పుడు మారుతుంది, అంతే, మావాళ్లకి మెలకువ వచ్చేస్తుంది. ఎదుటి బెర్తు ముసలాయన కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి దణ్ణం పెట్టుకున్నాడు. నేనూ లేచాను. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి ఐదేళ్లయింది, ఎన్నిసార్లు వచ్చినా ఈ రెండు మూడు నిమిషాలు మాత్రం ఫోన్ పక్కన పెట్టేస్తాను.

ఈసారి ఊరికే రాలేదు. బ్యాగులో ల్యాప్‌టాప్ ఉంది. అందులో ఒక ఎక్సెల్ షీటు ఉంది. దాని పేరు ‘బాబాయి క్యాటరింగ్ ఫైనల్ 4’. ఫైనల్ అని పెట్టాక నాలుగుసార్లు మార్చానంటే నేనేం ఉద్యోగం చేస్తానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

రాజమండ్రిలో దిగేసరికి బాబాయి ఫోన్. “దిగావా? బస్సెక్కేసెయ్. ఇడ్లీ రెండో వాయి దింపేలోపు వచ్చేస్తావు.” ఆయనకి టైమంతా వాయిల్లోనే.

వేమగిరి దాటి కడియపులంక వచ్చేసరికి తెల్లారింది. రోడ్డుకి రెండు వైపులా నర్సరీలు, తడిసిన మట్టి వాసన. జొన్నాడ దగ్గర మళ్లీ వంతెన, ఈసారి గౌతమి మీద. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది కదా, ఆ పాయల మధ్య చిక్కుకున్న పచ్చటి ముక్కే కోనసీమ. మే నెల కాబట్టి గౌతమిలో నీళ్ల కంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. వంతెన దిగితే రావులపాలెం. కోనసీమకి గుమ్మం అంటారు. గుమ్మం కాబట్టే ఎవరూ ఆగరు, అందరూ దాటిపోతారు. అరటి గెలల లారీలు తప్ప. ఇక్కడి అరటి మార్కెట్‌లో పొద్దున్నే సైకిళ్ల మీద, ఆటోల మీద వచ్చే గెలల్ని చూస్తే, దేశంలో జనం అరటిపండు తప్ప ఇంకేం తినరేమో అనిపిస్తుంది.

బాబాయి హోటల్ బస్టాండుకి నాలుగడుగుల దూరంలో ఉంది. హోటల్ అంటే గదులుండేది కాదు, మనం అనే హోటలే. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం మళ్లీ టిఫిను. తొమ్మిది బల్లలు, 36 కుర్చీలు. 14 ఏళ్ల నుంచి ఒకే వంట మేస్త్రి. కౌంటర్‌లో మా పిన్ని. పెసరట్టు ఉప్మాకి పేరు. పనసపొట్టు కూర ఉన్న రోజు బయట పలక మీద సుద్దతో రాస్తారు, అదొక్కటే ప్రచారం.

ఇలాంటి హోటల్‌కి క్యాటరింగ్ ఎందుకు అని అడిగితే బాబాయి సూటిగా చెప్పడు. మొదట అయ్యప్ప స్వాముల భిక్షకి యాభై మందికి అడిగారు, పెట్టాడు. తర్వాత ఓ గృహప్రవేశానికి పులిహోర, చక్రపొంగలి. తర్వాత స్కూల్ వాళ్లకి ఇడ్లీ. “ఎలాగూ పొయ్యి వెలుగుతోంది కదరా, మనుషులున్నారు, సామాను కొట్టువాడు అప్పిస్తాడు. ఇంకో వంద మందికి వండితే పోయేదేముంది” అనేవాడు. ఆ మాటలో తప్పేమీ లేదనే నేనూ అనుకున్నాను. అద్దె కట్టేశాం, కరెంటు బిల్లు కట్టేశాం, పైన వచ్చేదంతా లాభమే కదా అని.

ఫిబ్రవరిలో రోజూ పెసరట్టు తినడానికి వచ్చే రైతు ఒకాయన తన కూతురి పెళ్లి భోజనాలు అప్పగించాడు. ఆత్రేయపురం దాటాక కాలువ గట్టు మీద ఉన్న ఊరు. మేలో శనివారం, పగటి ముహూర్తం. 600 మందికి, ఆకుకి 260 రూపాయలు. 50 వేలు అడ్వాన్సు చేతిలో పెట్టాడు. గుండిగలు, బాండీలు, పెద్ద పొయ్యిలు, బల్లలు కొనాలి. అద్దెకి తెస్తే ప్రతిసారీ అద్దె, కొంటే మనవే ఉంటాయి కదా అని బాబాయి పిన్ని గాజులు, హారం బ్యాంకులో పెట్టి 2 లక్షల 40 వేలు తెచ్చాడు. ఆ విషయం నాకు పిన్ని చెప్పింది, ఫోన్‌లో, ఉప్మాలో ఉప్పు తగ్గింది అన్నంత మామూలుగా.

అప్పుడు మొదలైంది నా షీటు.

ఆ షీటు గురించి కాస్త గొప్పగా చెప్పుకోనివ్వండి, తర్వాత పరువు పోయేదెలాగూ ఉంది. పది మందికి కిలో బియ్యం దగ్గర మొదలుపెట్టి కరివేపాకు దాకా అన్నీ ఉన్నాయందులో. జీఎస్టీ 18 శాతం అనుకుని వేశాను. బాబాయి ఆడిటర్‌ని అడిగితే హోటల్‌కి లాగే మాకు బయటి క్యాటరింగ్‌కీ 5 శాతమే అన్నారు. అయితే కొన్న సామాన్ల మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. అంటే గుండిగల మీద కట్టిన పన్ను ఖర్చులోనే వేసుకోవాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సులో క్యాటరర్ అని చేర్పించాలి, అదీ చేయించాను, ఆన్‌లైన్‌లో నేనే. లాభం 38 వేలు చూపించింది షీటు. పిన్ని గాజులు ఎన్ని పెళ్లిళ్లకి ఇంటికొస్తాయో కూడా ఇంకో పేజీలో వేశాను. ఏడు.

శుక్రవారం పొద్దున బాబాయి బండి తీసుకుని ఆత్రేయపురం వెళ్లాను, పూతరేకులు చెప్పి రావడానికి. ఈ దారిలో ఎప్పుడైనా మీరు వెళ్లకపోతే ఒకసారి వెళ్లండి. పక్కనే కాలువ, కాలువ మీదికి వంగిన కొబ్బరిచెట్లు, లొల్ల లాకుల దగ్గర నీళ్ల హోరు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాకే ఈ పచ్చదనమంతా. అందుకే ఈ జిల్లాల్లో ఆయన విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి.

పూతరేకులు చేసే ఇంట్లో ఓ గంట కూర్చున్నాను. బోర్లించిన కుండ, కింద కట్టెల మంట. పల్చటి బియ్యం పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్కసారి అలా లాగుతారు. మన ఫోన్ స్క్రీన్ మీద గీసినట్టు, ఒకే గీత. రెప్ప వేసేలోపు పిండి ఆరిపోయి కాగితం కంటే పల్చటి రేకు లేచి వస్తుంది. దాన్ని మడిచి నెయ్యి, బెల్లం పొడి. 2023లో వీటికి జీఐ గుర్తింపు వచ్చింది, ఆ సంగతి ఆ ఇంట్లో పెద్దావిడే నాకు చెప్పింది. 650 కావాలంటే ఆవిడ తొణకలేదు. “ఆయ్, చేసేత్తామండి. పక్కింటోళ్లవీ, ఎదురింటోళ్లవీ ఇంకో మూడు కుండలు ఎలిగించుకుంటాం” అంది.

పెద్ద కుండ పెడితే ఒకేసారి రెండు రేకులు లాగొచ్చు కదా అని అడిగాను. ఇంజినీరింగ్ చదివిన బుర్ర ఊరుకోదు. ఆవిడ నవ్వి, “పెద్ద కుండకి వేడి అన్ని పక్కలా ఒకేలా రాదు బాబూ. ఎక్కువ కావాలంటే ఇంకో కుండ పెట్టుకోవాలి గానీ, పెద్ద కుండ కాదు” అంది.

బాగుందే అనుకున్నాను. ఫోన్‌లో వీడియో కూడా తీసుకున్నాను. ఆ వీడియో జేబులో ఉండగానే అదే సాయంత్రం నేను చేసిన పని ఇప్పుడు చెప్తాను.

హోటల్‌లో పెరుగు పది లీటర్ల స్టీలు క్యాన్లలో తోడేస్తారు. పెళ్లికి అరవై లీటర్లు కావాలి. ఆరు క్యాన్లు. ఉన్నవే ఆరు. వాటిని పెళ్లికి పట్టుకుపోతే శనివారం హోటల్‌కి ఏం మిగలవు. శనివారమంటే మామూలు శనివారం కాదు. వాడపల్లి వెంకటేశ్వరస్వామికి ఏడు శనివారాలు మొక్కుకునేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అందులో చాలామంది రావులపాలెం మీదుగానే. బాబాయికి వారంలో పెద్ద రోజు అదే. ఇటు పెళ్లి, అటు హోటల్, రెండూ ఆపేది లేదన్నాడు. మేస్త్రి పెళ్లికి, మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు హోటల్‌కి.

నేను చెప్పాను, కొత్తగా కొన్న రెండు గుండిగలున్నాయి, ఒక్కోదాంట్లో ముప్పై లీటర్లు తోడేద్దాం, వ్యాన్‌లో చోటు కూడా కలిసొస్తుంది అని. మేస్త్రి తల గోక్కున్నాడు. “చిన్నవాటిల్లోనే పోసుకుందాం అబ్బాయిగారూ. ఎవరింట్లోనైనా అడిగి తెద్దాం.” ఎందుకు అంటే చెప్పలేకపోయాడు. “అలవాటండి” అన్నాడు. అలవాటు అనే మాట వింటే మాలాంటోళ్లకి ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది. బాబాయి నా మొహం చూసి, మేస్త్రి మొహం చూసి, సరే కానివ్వండి అన్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకి తోడేశారు.

శనివారం తెల్లారి మూడింటికి వ్యాన్ బయల్దేరింది. పెళ్లివారి కొబ్బరితోటలో పందిరి వెనక గాడిపొయ్యి తవ్వి ఉంచారు. బాబాయి గ్యాస్ పొయ్యిలు తెచ్చాడు గానీ, అన్నానికి మాత్రం గాడిపొయ్యే అన్నాడు మేస్త్రి. మేం వెళ్లేసరికే ఐదుగురు ఆడవాళ్లు వంకాయల గుట్ట ముందు కత్తిపీటలు వేసుకుని కూర్చున్నారు. పనసపొట్టు ముందురోజే కొట్టించి తెచ్చాం. ఆవపెట్టి చేస్తారు దాన్ని, ఆ ఆవ ఘాటు చీకట్లోనే ముక్కులోకి ఎక్కింది. పూర్ణం బూరెలు, పులిహోర, గుత్తివంకాయ, మామిడికాయ పప్పు, గుమ్మడికాయ ముక్కల పులుసు. పొద్దున తొమ్మిదికల్లా అన్నం తప్ప అన్నీ అయిపోయాయి.

అన్నం దగ్గర మళ్లీ మేస్త్రికీ నాకూ తేడా వచ్చింది. నా షీటు ప్రకారం 11 కల్లా మొత్తం 60 కిలోలూ వండేసి సిద్ధంగా ఉంచాలి. మేస్త్రి ఒప్పుకోలేదు. “బంతి కూర్చున్నాక ఎసట్లో పోస్తాను, ఆ బంతి లేచేలోపు పై బంతికి వారుస్తాను.” ఈసారి నేను పట్టుబట్టలేదు. పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ భయమే. మే ఎండలో, పందిరి కింద, వార్చిన అన్నం మూడు గంటలు.

హోటల్‌కీ పెళ్లికీ అసలు తేడా నాకు 11 గంటల 40 నిమిషాలకి తెలిసింది.

నా షీటులో జనం 11:30 నుంచి 2:30 దాకా సమానంగా వస్తారు. హోటల్ లెక్కలు చూసి వేశాను మరి. హోటల్‌కి రోజుకి నాలుగు వందల మంది వస్తారు. అయినా ఎప్పుడూ గొడవ ఉండదు. ఎందుకుండదో ఆ రోజే వెలిగింది. 36 కుర్చీలున్నాయి కాబట్టి. 37వ మనిషి బయట నిలబడతాడు, పేపర్ చదువుకుంటాడు, లేదంటే వెళ్లిపోతాడు. వంటింటికి ఆ మనిషి ఉన్నట్టే తెలియదు. మా ఆఫీసులో సర్వర్ మీద ఒక్కసారిగా భారం పడకుండా రేట్ లిమిటర్ అని ఒకటి పెడతాం. హోటల్‌లో ఆ పని కుర్చీలు చేస్తున్నాయి. పద్నాలుగేళ్లుగా, జీతం లేకుండా.

పెళ్లిలో కుర్చీ ఆపదు. ముహూర్తం 11:14. అక్షింతలు వేసిన మరుక్షణం ఊరు ఊరంతా పందిరి నుంచి భోజనాల వైపు తిరిగింది. 200 మందికి వేసిన మొదటి బంతి రెండు నిమిషాల్లో నిండిపోయింది. ఇంకో వంద మంది కూర్చున్నవాళ్ల కుర్చీల వెనకే నిలబడ్డారు, రైల్లో సీటు ఖాళీ అవుతుందని నిలబడ్డట్టు. పప్పు, కూరలు, పులిహోర దాకా బాగానే నడిచింది. వడ్డించే కుర్రాళ్లు గట్టివాళ్లు. “బూరెండి... నెయ్యండి...” అనుకుంటూ పరుగులు. పనసపొట్టు రెండోసారి అడిగినవాళ్లని లెక్కపెట్టబోయి మానేశాను. బాబాయి ఆకుల మధ్య నడుస్తూ, “ఏవండోయ్, ఆ బూరె అలా వదిలేశారేంటి, నెయ్యి పోయించుకోండి” అంటూ తిరుగుతున్నాడు. మొహం వెలిగిపోతోంది. అంత సంతోషంగా ఆయన్ని నేను కౌంటర్ దగ్గర ఎప్పుడూ చూడలేదు.

తర్వాత పెరుగు వచ్చింది.

బంతి చివర కూర్చున్న పెద్దాయన పెరుగన్నం ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. ఏమీ అనలేదు. చెయ్యి ఆకు మీద అలాగే ఉంచి, పక్కాయన వైపు చూశాడు. పక్కాయనా తిన్నాడు, ఆయనా ఆగాడు. ఆ ఆగడం అలా ఆకు నుంచి ఆకుకి పాకడం నేను నిలబడి చూశాను. మేస్త్రి గుండిగ మూత తీసి వేలితో రుచి చూశాడు. నా వైపు ఒక్క చూపు చూశాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పులిసిపోయింది. చెడిపోలేదు, వాసన లేదు. కానీ పళ్లు జివ్వుమనేంత పులుపు. ఎందుకో నాకు అక్కడే అర్థమైంది, అదే ఇంకా సిగ్గు. పది లీటర్ల క్యాన్ రాత్రి గాలికి నెమ్మదిగా చల్లారుతుంది, పెరుగు తోడుకున్నాక పులవడం తగ్గుతుంది. ముప్పై లీటర్ల గుండిగకి లోపలి సరుకు ఎక్కువ, గాలి తగిలే పైభాగం తక్కువ. మే నెల రాత్రి, మూతేసిన గుండిగ, తెల్లారేదాకా గోరువెచ్చగానే ఉంటుంది. ఆ తర్వాత వ్యాన్, ఆ తర్వాత తోటలో ఎండ. ఇంజినీరింగ్‌లో ఇది చదువుకున్నాను, పరీక్ష కూడా రాశాను. మేస్త్రి అలవాటు అన్నది ఇదే.

కోనసీమ పెళ్లిలో కూర మాడితే నవ్వుకుని ఊరుకుంటారు. పెరుగు పులిస్తే మాత్రం పదేళ్లు చెప్పుకుంటారు. పాడి ఉన్న ఊరు, ఇంటింటా గేదె. బాబాయి రెండో బంతికి పెరుగు ఆపించేసి తిన్నగా పెళ్లికూతురి తండ్రి దగ్గరికి వెళ్లాడు. “పెరుగు పులిసిందండి. తప్పు మాదే. పావుగంట టైమివ్వండి.” సాకులేమీ చెప్పలేదు. ఎండ అనలేదు, పాలవాడు అనలేదు, అన్న కొడుకు అనలేదు.

పెళ్లికూతురి పెద్దమ్మ విన్నది. పట్టుచీర కొంగు నడుముకి దోపుకుని, ఇద్దరు కుర్రాళ్ల చేత రెండు బిందెలు పట్టించి వీధిలోకి నడిచింది. నేనూ వెనకే పరుగెత్తాను. సగం ఇళ్లకి తాళాలు, అందరూ పెళ్లిలోనే ఉన్నారు మరి. తీసి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆవిడ గడప దాటకుండానే, “వదినా, పెరుగు!” అని కేకేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. రాచ్చిప్పలో తోడుకున్నది, గిన్నెలో ఉన్నది, ఫ్రిజ్‌లో ఉన్నది, అన్నీ బిందెల్లోకి. ఇరవై లీటర్ల దాకా వచ్చింది. ఈలోపు మేస్త్రి పులిసిన పెరుగులో నీళ్లు పోసి చిలికించి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి వేసి, ఐస్ గడ్డలు వేసి మజ్జిగ చేశాడు. పెద్దవాళ్లకి, పిల్లలకి ఇళ్ల పెరుగు, మిగతావాళ్లకి మజ్జిగ. ఆ ఎండలో మజ్జిగ రెండేసి గ్లాసులు తాగారు జనం. కొంతమందికి అసలేం జరిగిందో తెలియదు కూడా. మొదటి బంతి 200 మందికి మాత్రం తెలుసు.

నాలుగో బంతి లేచేసరికి రెండు దాటింది. ఆ పూట నాకు ఫోన్ చూసే తీరిక లేదు. చూస్తే పిన్ని నుంచి ఆరు మిస్డ్ కాల్స్.

హోటల్‌లో వాడపల్లి జనం పొద్దుటి నుంచి నిండిపోయారట. మేస్త్రి లేడు. కుర్రాడు టిఫిన్లు ఎలాగో లాగాడు గానీ భోజనాల దగ్గర చేతులెత్తేశాడు. సాంబారు నీళ్లలా ఉందని ఒకాయన డబ్బులివ్వకుండా వెళ్లిపోయాడు. ఒంటిగంటకి పిన్ని పలక మీద ‘భోజనాలు లేవు’ అని రాసింది. 14 ఏళ్లలో మొదటిసారి. రోజూ ఒంటిగంటకి వచ్చే రిటైర్డ్ మాస్టారు ఒకరున్నారు. భార్య పోయాక ఆయన మధ్యాహ్నం భోజనం ఇక్కడే. ఆయన ఆ పలక చదివి, పిన్నిని పలకరించి, రెండు అరటిపళ్లు కొనుక్కుని వెళ్లారట.

“అక్కడ ఆరు వందల మందికి పెట్టి ఇక్కడ మాస్టార్ని పస్తు పడుకోబెట్టాం” అంది పిన్ని ఫోన్‌లో. గాజుల గురించి మాట్లాడినప్పుడు లేని కోపం ఆ గొంతులో ఉంది.

సాయంత్రం పెళ్లివారి అరుగు మీద లెక్కలు. ఇక్కడ తిన్నవాళ్లని ఆకులతో లెక్కపెడతారు. మేం కట్టకి 50 చొప్పున 15 కట్టలు తెచ్చాం, 66 మిగిలాయి, కాబట్టి 684 అన్నాడు మా కుర్రాడు. వాళ్ల తరఫున బంతి బంతికీ లెక్క రాసుకున్నాయన 651 అన్నాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. చిరిగిన ఆకులున్నాయి, ఒకరికే రెండు వేసినవి ఉన్నాయి, తల్లి ఆకులోనే తిన్న పిల్లలున్నారు. ఈ 33 ఆకులు ఎవరి ఖాతాలో వేయాలో నా షీటులో గడి లేదు. వాళ్ల పెద్దాయన ఒకరు 660 అన్నాడు, బాబాయి సరే అన్నాడు. అర నిమిషం.

660 ఆకులు, 1,71,600. బాబాయి కాగితం మీద ఆకుకి పది రూపాయలు కొట్టేశాడు, పెరుగుకి. 1,65,000. పెళ్లికూతురి తండ్రి వద్దంటే వద్దన్నాడు. “మా ఊరి పెరుగే కదండీ పెట్టారు చివరికి” అని నవ్వాడు కూడా. బాబాయి వినలేదు. “ఇప్పుడు తీసుకుంటే, రేపు మా హోటల్‌లో మీరు పెసరట్టు తినేటప్పుడు పెరుగు గుర్తొస్తుందండి” అన్నాడు.

తిరుగు ప్రయాణంలో వ్యాన్ వెనక ఖాళీ గుండిగల మధ్య కూర్చున్నాం ఇద్దరం. గతుకు వచ్చినప్పుడల్లా గుండిగలు మోగుతున్నాయి. నేనే మొదలుపెట్టాను. “బాబాయ్, గుండిగల్లో పొయ్యమంది నేను. మేస్త్రి వద్దన్నాడు.”

“విన్నాను కదరా.”

“మరి పెళ్లివాళ్లతో ఆ మాట చెప్పలేదేం?”

“చెప్పింది నువ్వు. ఒప్పుకుంది నేను. బోర్డు మీద పేరెవరిది?” అని, కాసేపాగి, “బూరెలు బాగున్నాయి కదా?” అన్నాడు.

రాత్రి కూర్చుని షీటు నింపాను. సరుకులకి 92 వేలు, మనుషులకి 34 వేలు, వ్యాన్, గ్యాస్, ఆకులు, నీళ్లకి 15 వేలు. మిగిలింది 24 వేలు. మామూలు శనివారం హోటల్‌లో తొమ్మిది వేలు మిగులుతుంది, ఆ రోజు రెండే మిగిలింది. ఆ ఏడు వేలూ పెళ్లి ఖాతాలోదే అంది పిన్ని, ఖర్చు వరుసలోకి నా చేతే మార్పించింది. 17 వేలు. పొయ్యి ఎలాగూ వెలుగుతోంది కదా అని మేమిద్దరం అనుకున్న మాట ఖరీదు ఏడు వేలు, మాస్టారి రెండు అరటిపళ్లు కాకుండా. గాజులు ఏడు పెళ్లిళ్లకి రావు. పద్నాలుగు, పదిహేను పట్టొచ్చు.

మానేద్దామా అని బాబాయి అడగలేదు. పిన్ని కూడా అడగలేదు, అదే నాకు ఆశ్చర్యం. ఆవిడ పెట్టిన షరతులు రెండే. శనివారం పెళ్లి ఒప్పుకోవద్దు. మేస్త్రి హోటల్ దాటి వెళ్లకూడదు. పెళ్లికి వేరే మేస్త్రిని మాట్లాడుకోవాలి, ఆ కూలి ఆకు ధరలో ముందే కలుపుకోవాలి. ధర 260 నుంచి 285 అవుతుంది. “ఆ ధరకి రానివాళ్లు రారు. ఇక్కడ పలక మీద మాత్రం ఇంకోసారి అలా రాయను” అంది.

మేస్త్రి ఈ మాట విని ఊపిరి పీల్చుకున్నాడు. పెళ్లిలో అంతమంది తన కూర మెచ్చుకున్నా ఆయనకి గాడిపొయ్యి మీద మనసు లేదట. “నాకు ఆ 36 కుర్చీలు చాలండి. తినేవాడి మొహం కనపడాలి.”

ఆదివారం మధ్యాహ్నం బాబాయి క్యారియర్ కట్టించుకుని నన్ను బండి ఎక్కించుకుని మాస్టారింటికి తీసుకెళ్లాడు. పనసపొట్టు కూర, ముద్దపప్పు, చిన్న గిన్నెలో పెరుగు. మాస్టారు మూత తీసి ముందు పెరుగే రుచి చూశారు. రావులపాలెంలో వార్త తిరగడానికి ఒక్క రాత్రి చాలు.

“కమ్మగా ఉందోయ్” అన్నారు.

ఆ సాయంత్రం బాబాయి బస్టాండ్ దాకా వచ్చాడు. రాజమండ్రి బస్సు ఇంకా రాలేదు. జూన్‌లో ఇంకో పెళ్లి అడుగుతున్నారట, గురువారం, కొత్తపేటలో, ఇదీ 600 మందే. ఆ గుండిగలు పులుసుకి పనికొస్తాయి గానీ, పెరుగుకి పది లీటర్ల క్యాన్లు కొత్తవి కొనాలి. “ఎన్ని కావాలో నీ షీటులో చూసి చెప్పు” అన్నాడు.

ఫోన్ తీశాను. షీటు ఆరు అంది.

“ఏడు కొను బాబాయ్” అన్నాను.